కల్తూమి పలకని పేరు

కల్తూమికి ఊళ్ళో ఉన్న ప్రతి ఆవు పేరూ తెలుసు. ఏ దూడ ఏ ఆవుకు పుట్టిందో, ఆ ఆవు ఎవరి మందలో పుట్టి పెరిగిందో, నాలుగు తరాలు ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. కన్నకొడుకు పేరు మాత్రం ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నోట వినబడలేదు.

అందులో వింతేమీ లేదు. వురో బరాదే ఊళ్ళో, మందలు మేపుకు బతికే ఫుల్బే జాతి ఆడవాళ్ళెవరూ తొలిచూలు బిడ్డను పేరు పెట్టి పిలవరు. మొగుణ్ణీ పిలవరు. పిలిస్తే సిగ్గు విడిచిందంటారు. తొలి బిడ్డను నలుగురిలో మెచ్చుకోకూడదు, ముద్దు చెయ్యకూడదు, ఎవరైనా పొగిడితే "వాడా, పనికిమాలిన వెధవ" అని తీసిపారెయ్యాలి. మిగతా ఆడవాళ్ళు, పక్కన ఎవరూ లేనప్పుడైనా, నోరు జారేవారు. కల్తూమికి అదీ లేదు. ఆమెకు అన్నిట్లోనూ కాస్త పట్టింపు ఎక్కువ.

కొడుకు పేరు నూహు. ప్రళయం వచ్చినప్పుడు పడవ కట్టిన ప్రవక్త పేరు. శుక్రవారం మసీదు గోడవతల నిలబడి ఆ కథ విని వచ్చి, "ఇవాళ పడవాయన కథ చెప్పారు" అనేది. పక్క వీధిలో కుండలు చేసే నూహు ఆమెకు "పెద్ద పడవ". మేకలు కాసే నూహు "చిన్న పడవ". ఆ ఇద్దరూ జన్మలో పడవ ఎక్కి ఎరగరు. ఆ ఊరి వాగులో ఏడాదికి రెండు నెలలు కూడా నీళ్ళుండవు.

నూహు పుట్టిన వారానికి వాళ్ళ ఎర్రావు ఒక పసుపుపచ్చ పెయ్యను ఈనింది. దానికి ఓలే అని పేరు పెట్టుకుంది కల్తూమి. అక్కడినుంచి కొడుకుతో చెప్పుకోవలసినవన్నీ ఓలేతో చెప్పడం మొదలుపెట్టింది.

"ఓలే, నా బంగారుతల్లీ, పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?" అని పెయ్య మెడ నిమురుతూ అడిగేది.

పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ పిల్లాడు నేలచూపులు చూస్తూ, "ఓలే తినలేదమ్మా. ముద్ద పెడితే వద్దనదు" అనేవాడు.

"గోంగూర కూర ఉందని చెప్పు దానికి."

"గోంగూరంటే ఓలేకి ప్రాణం."

వాడికి నాలుగేళ్ళప్పుడు జ్వరం వస్తే మూడు రోజులు వాడివైపు వీపు పెట్టి కూర్చుంది. ఆ మూడు రోజులూ ఓలేకి తడిగుడ్డ వేసింది. ఆవుకు జలుబు చేసింది గానీ పిల్లాడు బతికాడు. మొదటి ఓలే ముసలిదై పోతే దాని కూతురు ఓలే అయింది, ఆ తరవాత దాని కూతురు. నూహు హవ్వాను పెళ్ళాడేనాటికి నాలుగో ఓలే పాలిస్తూ ఉంది. మొగుడు పోయిన నాడు కూడా కల్తూమి దాని మెడ పట్టుకునే ఏడ్చింది. "ఇంక ఇంటికి పెద్దదానివి నువ్వేనే" అంది. పెద్దదానికి ఆ మాట అర్థమైంది. పక్కనున్న పెద్దవాడికీ అర్థమైంది.

నూహు చివరికి పశువులకు సూదులు వేసే పని నేర్చుకున్నాడు. మింజాయ్ పట్నంలోని పశువైద్యశాలవాళ్ళు ఒక నీలం పెట్టె ఇచ్చారు. అందులో మంచుగడ్డల మధ్య మందుసీసాలు పెట్టుకుని ఊరూరూ తిరిగేవాడు. కొడుకు సూది వేసిన మందలో ఒక్క దూడ కూడా చావలేదని ఎవరైనా అంటే, "ఎవరికి తెలుసులే, దూడల అదృష్టం" అని కల్తూమి చేటలోని జొన్నలు రెండుసార్లు ఎక్కువ చెరిగేది.

ఈ పట్టింపులన్నీ చూసి పడీపడీ నవ్వేవాడు కచల్లా. దూరాన ఉన్న పెద్ద చెరువు పక్కనుంచి వచ్చి స్థిరపడ్డ కనూరి జాతి ముసలాయన, చేపలు ఎండబెట్టి అమ్మేవాడు. కనూరివాళ్ళకూ ఫుల్బేవాళ్ళకూ తాతల కాలంనుంచీ పరాచికాల చుట్టరికం. ఒకరినొకరు బానిస అని పిలుచుకోవాలి, ఎంత మాటైనా అనుకోవాలి, కోపం తెచ్చుకోకూడదు. కోపం వస్తే తప్పు కట్టాలి.

"ఏమే నా బానిసా, ఆవుతో కాపరం ఎలా ఉంది?" అనేవాడు దారిన పోతూ.

"నీ కంపు చేపలకంటే నయంరా. దూరంగా నిలబడు, పాలు విరుగుతాయి."

"మా తాత మీ తాతను గుప్పెడు చేపలిచ్చి కొన్నాడు. మోసపోయాడు పాపం."

"మీ తాత మా తాత ఎంగిలి తాగి పెరిగాడు. అందుకే మీకు పళ్ళు నిలవవు."

ముప్పై ఏళ్ళు రోజూ ఇవే మాటలు. ఒక్క రోజు తప్పితే ఇద్దరికీ ఒంట్లో బాగాలేనట్టుండేది.

తరవాత యుద్ధం వచ్చింది. ముందు ప్రభుత్వంమీద తిరగబడ్డ అడవివాళ్ళు వచ్చారు. తుపాకులు చూపించి మందలు తోలుకుపోయారు. నాలుగో ఓలే కూడా పోయింది. ఆ సాయంత్రం నుంచి తల్లీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి, మధ్యవర్తి లేదు మరి. కల్తూమి కొన్నాళ్ళు ఒక మేకతో ప్రయత్నించింది. కుదరలేదు. మేక నిలబడి వినే రకం కాదు, మాట సగంలో ఉండగానే గోడ ఎక్కేది.

అడవివాళ్ళను వెతుక్కుంటూ సైన్యం వచ్చింది. ఒక గురువారం పొద్దున వాగు పక్క బావిని లారీలు చుట్టుముట్టాయి. నీళ్ళ దగ్గర ఉన్న మగవాళ్ళను వరసగా నిలబెట్టి, గుర్తింపు కార్డులు అడిగి తీసుకుని, మనుషుల్ని వాగులోకి నడిపించుకుపోయారు. పదకొండు మంది. మధ్యాహ్నానికి లారీలు వెళ్ళిపోయాక ఊరు వాగులోకి వెళ్ళింది. శవాలు దొరికాయి, కార్డులు దొరకలేదు. నూహు పెట్టె దొరికింది. మంచు కరిగి, సీసాలు ఇసకలో దొర్లి ఉన్నాయి.

ఆ సాయంత్రమే రేడియో చెప్పింది: వురో బరాదే దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో సాయుధులు హతమయ్యారు. మా సైన్యం యుద్ధ న్యాయాన్నీ మానవ హక్కులనూ అక్షరాలా పాటిస్తుంది.

"అక్షరాలా అంట," అన్నాడు కచల్లా. "మనకు అక్షరాలు రావుగా, అందుకే కనబడలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

ఏడాది తరవాత బయటి దేశాలు ఏదో అడిగితే, ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని పంపింది. వేపచెట్టు కింద గుడారం వేశారు. ఒక్కో కుటుంబాన్నీ విడిగా పిలిచారు. అధికారి పేరు ఎబాలే, దక్షిణాదివాడు, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. పక్కన ఒక దుబాసీ.

"పోయినవాడు నీకేమవుతాడమ్మా?" అని అడిగించాడు ఎబాలే.

"నా గుడిసెలో వాడు."

"కొడుకా?"

కల్తూమి ముసుగు ముందుకు లాక్కుంది. "అంతే అనుకోండి."

"పేరు?"

ఆమె గుడారం తాళ్ళు చూసింది, తాళ్ళకు కట్టిన మేకులు చూసింది. చివరికి, "పడవ కట్టిన ఆయన పేరు" అంది.

దుబాసీ ఆ మాట చెప్పగానే ఎబాలే కలం ఆపాడు. "ప్రవక్తల పేర్లు వద్దమ్మా. నీ కొడుకు పేరే చెప్పు." ఆమె చెప్పలేదు. ఆయన నిట్టూర్చి తరవాతి గడికి వెళ్ళాడు. "ఏం పని చేసేవాడు?"

"పనికిమాలినవాడు బాబూ. ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు."

"చేతిలో ఏమైనా ఉండేదా?"

"ఒక పెట్టె."

"పెట్టెలో?"

"నాకేం తెలుసు. తీసి చూపించేవాడా ఏమన్నానా!"

తెలుసు. ఏ సీసా ఏ రోగానికో కూడా తెలుసు. కానీ తొలిచూలు కొడుకు పని గురించి అంతకుమించి చెబితే గొప్పలు చెప్పినట్టు. బయటికి వచ్చాక, మర్యాదగానే నడుచుకున్నానని అనుకుంది. హవ్వాను అడిగితే ఆమె కూడా "మా ఇంటాయన" దగ్గర ఆగిపోయింది. మామూలుగా ఆ అత్తాకోడళ్ళు ఉప్పు దగ్గర కూడా ఒక మాట మీద ఉండరు.

నివేదిక వచ్చింది. కచల్లా రేడియో ముందు ఊరంతా కూర్చుని విన్నారు. మరణించినవాళ్ళలో పదిమంది పౌరులని గుర్తించారు. పదకొండోవాడి పేరు తెలియలేదు. స్థిరమైన వృత్తి లేదు, అనుమానాస్పదమైన పెట్టెతో ఊరూరూ తిరిగేవాడు, సాయుధుడై ఉండవచ్చు. అతడి మూలంగానే కాల్పులు జరిగాయి కనుక, పదిమంది మరణం విచారకరమే అయినా, యుద్ధ న్యాయానికి విరుద్ధం కాదన్నది ప్రభుత్వ వైఖరి.

కచల్లా రేడియో ఆపేశాడు. ఊరిపెద్ద జౌరో గొంతు సవరించుకున్నాడు. ఆయన తమ్ముడు కూడా ఆ పదిమందిలో ఉన్నాడు.

"కల్తూమక్కా, నీ మీద కోపం కాదు. మీవాడొక్కడు తుపాకివాడైతే, మావాళ్ళు పదిమందీ తుపాకివాడి పక్కన నిలబడి చచ్చినవాళ్ళవుతారు. వాడికి పేరుంటే పదకొండుమందికీ న్యాయం అడగొచ్చు."

"నువ్వు చెప్పు జౌరో. నీకు తెలుసు కదా."

"మీవాడి పేరు పడలేదని తెలిసి నిన్ననే వెళ్ళొచ్చా. ఊరిపెద్ద మాట చెల్లదట. రక్తసంబంధీకులే, సొంత నోటితో చెప్పి వేలిముద్ర వెయ్యాలట. మింజాయ్‌లో రంజాన్ నెల మొదలయ్యేదాకా ఆఫీసు తెరిచి ఉంటుంది. ఆ తరవాత దస్తరం కట్టేస్తారట."

రక్తసంబంధీకులెవరు? కల్తూమి కూతురు సరిహద్దు అవతల శిబిరంలో చిక్కుకుపోయింది. మనవరాలు, నూహు బిడ్డ, రెండేళ్ళది, దానికి "ఓలే" అన్న మాట తప్ప ఇంకేదీ సరిగ్గా రాదు. మిగిలింది కల్తూమి.

వెళ్ళింది. అద్దె మోటారు సైకిల్ మీద మూడు గంటలు. దారిలో రెండు చోట్ల సైనికులు ఆపి, దింపి, వంద అడుగులు నడిపించి మళ్ళీ ఎక్కించారు. ఆఫీసులో ఎబాలే లేడు, రేపు రమ్మన్నారు. మర్నాడు వెళితే ఉన్నాడు. పేరు అడిగాడు. పేరు గొంతుదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అరగంట బల్లకు ఎదురుగా ఉండి, ఒక గ్లాసు నీళ్ళు తాగి తిరిగివచ్చింది.

రెండోసారి కచల్లా వెంట వచ్చాడు. "నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. ఏం చేస్తారో చూస్తా," అన్నాడు దారంతా. ఎబాలే ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఈవిడ నీకేమవుతుంది?"

"నా బానిస," అన్నాడు కచల్లా, ఇంకేమీ ఆలోచించకుండా. "మా తాత కొన్నాడు. గుప్పెడు చేపలకు."

దుబాసీ పట్నంలో పెరిగినవాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎబాలే ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. సొరుగులోంచి కొత్త కాగితం తీశాడు.

"ఎన్నేళ్ళుగా?"

"ముప్పై ఏళ్ళుగా. మాట వినదు."

"జీతం ఇస్తున్నావా?"

"దీనికి జీతమా! ఇదే నాకు బాకీ."

పదకొండుమంది చావుకు అరపేజీ రాసిన మనిషి, బానిసత్వం మీద మూడు పేజీలు రాశాడు. బానిసత్వం విషయంలో ప్రభుత్వ వైఖరి చాలా కఠినమట. కచల్లాను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఒక జవానును కాపలా పెట్టారు. తాను ఎవరికీ బానిసను కాననీ, అది వాళ్ళ రెండు జాతుల మధ్య సరదా అనీ కల్తూమి ప్రమాణం చేసి, వేలిముద్ర వేసి ఆయన్ని విడిపించుకునేసరికి సాయంత్రం అయింది. ఆఫీసు మూసేశారు.

తిరుగుదారిలో మోటారు సైకిల్ మీద ఇద్దరూ డ్రైవరు వెనక ఇరుక్కుని కూర్చున్నారు.

"నిన్ను విడిపించాను. ఇప్పుడు నువ్వే నా బానిసవి," అంది కల్తూమి.

"చచ్చినట్టు ఒప్పుకుంటా," అన్నాడు కచల్లా. గుంతలు దాటాక మళ్ళీ అన్నాడు: "నా బుర్ర తక్కువతనంవల్ల నీకో రోజు పోయింది."

"పోతే పోయిందిలే. నాకు మాత్రం నోరు వచ్చేదా?"

ఆ మాటలో వేళాకోళం లేదు. ఆమె గొంతులో ఉన్నది అలసట. ఎముకల్లోంచి వచ్చే అలసట. ప్రభుత్వం మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు మిగల్లేదు.

రంజాన్‌కు రెండు రోజుల ముందు మూడోసారి బయల్దేరింది. ముందురోజు సాయంత్రం నూహు నీలం పెట్టెను బయటికి తీసి కడిగింది. హవ్వా చూస్తూ నిలబడింది.

"అత్తా, అక్కడ చెప్పగలవా?"

"ఏమో."

"ఇక్కడ ఒకసారి చెప్పి చూడరాదూ. నేను చెవులు మూసుకుంటా."

కల్తూమి పెట్టె మూత పెట్టింది. "ఇక్కడ నాకు సిగ్గుంది," అంది.

మింజాయ్ ఆఫీసులో ఎబాలే ఆమెను చూడగానే, "మళ్ళీ వచ్చావా అమ్మా" అన్నాడు, విసుగుగా కాదు. ఆయన కళ్ళ కింద కూడా నల్లగా ఉంది. బల్ల నిండా దస్తరాలు. కచల్లా గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రానివ్వలేదు. రానిచ్చినా వచ్చే ఉద్దేశం ఆయనకు లేదు.

కల్తూమి పెట్టెను బల్ల మీద పెట్టింది. మూత తీసి ఖాళీ గూళ్ళు చూపించింది.

"ఇందులో మంచు పెట్టుకునేవాడు. ఈ గూట్లో గొంతువాపు మందు. దీంట్లో ఊపిరితిత్తుల రోగానికి. ఇక్కడ సూదులు. వాడు సూది వేసిన దూడ చావలేదు. ఒక్కటీ చావలేదు. మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో. వెళ్ళి అడుగు."

దుబాసీ చెబుతున్నాడు. ఎబాలే రాస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళు దాచుకున్న గొప్పలన్నీ ఆమె ఒక్కొక్కటే ఆ బల్ల మీద పెట్టింది. రెండేళ్ళకే ఆవు పాలు పితికాడని చెప్పింది. అది కాస్త అబద్ధం, ఆరేళ్ళప్పుడు పితికాడు.

"పేరమ్మా," అన్నాడు ఎబాలే మెల్లగా.

ఆమె ముసుగు కళ్ళమీదికి లాక్కుంది. ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో మామిడిపళ్ళు అమ్ముతున్నారు.

"నూహు," అంది.

చాలా చిన్నగా వచ్చింది. ఎబాలే తల ఎత్తాడు. "మళ్ళీ ఒకసారి చెప్పమ్మా, వినబడలేదు."

"నూహు." ఈసారి గుమ్మం బయటికి కూడా వినబడింది. "నూహు. నా కొడుకు. నా తొలిచూలు కొడుకు నూహు. సాయుధుడు కాదు, సూదివాడు."

ఎబాలే రాసి, కాగితం ఆమెవైపు తిప్పాడు. ఆమె వేలు సిరాలో ముంచి పెట్టింది. "పైవాళ్ళు దీన్ని ఏం చేస్తారో నేను చెప్పలేనమ్మా," అన్నాడు ఆయన. "నేను రాసింది మాత్రం పంపుతాను."

"పంపు."

బయటికి వచ్చేసరికి కచల్లా గోడకు ఆనుకుని నేలవైపు చూస్తున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడ్డా తల ఎత్తలేదు.

"ఏంరా, నోరు పడిపోయిందా?"

కచల్లా కాలితో ఇసక గీశాడు.

"తిట్టరా," అంది కల్తూమి. "ఇవాళ నువ్వు కూడా తిట్టకపోతే నేను ఇంటిదాకా నడవలేను."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "సిగ్గులేని బానిసా," అన్నాడు. "చేపల వెల కూడా చెయ్యవు."

"ఆఁ, ఇప్పుడు పద."

వానలు మొదలై వాగులోకి నీళ్ళు వచ్చిన నెలలో రేడియో మళ్ళీ చెప్పింది. తన సైన్యం మానవ హక్కులను అక్షరాలా పాటిస్తుందన్న వైఖరిలో ప్రభుత్వానికి మార్పేమీ లేదు. అయితే కొత్తగా అందిన వాంగ్మూలం ప్రకారం వురో బరాదేలో మరణించిన పదకొండుమందీ పౌరులే. కేసు సైనిక న్యాయస్థానానికి వెళుతుంది. ఎప్పుడు వెళుతుందో చెప్పలేదు. మృతుల పేర్లు చదువుతున్నాం, అన్నారు.

కచల్లా ఇంటి ముందు జనం ఉన్నారు. కల్తూమి వెనకగా, చేపల బుట్టల పక్కన కూర్చుని ఉంది. కొడుకు పేరు నలుగురిలో వినబడబోతుంటే తల్లి లేచి వెళ్ళిపోవాలి. అది ఆచారం. ఆడవాళ్ళు ఆమెకు దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకున్నారు. హవ్వా లేచి నిలబడి చెయ్యి అందించింది కూడా.

ఎనిమిది పేర్లు అయ్యాయి. వాన రేకుల మీద గట్టిగా పడుతోంది.

కల్తూమి లేవలేదు. "ఒరేయ్ చేపలవాడా," అంది. "కాస్త గట్టిగా పెట్టు. వినబడట్లేదు."